నిమ్మకాయల మీద జిల్లా

యాభై ఎనిమిదేళ్ల వయసులో హైమవతి కారు నేర్చుకుంటానంది. అన్న సమయం కూడా మంచిది కాదు. ఆమె భర్త చలపతి అప్పుడే పెసరట్టు రెండో ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఎవరు నేర్చుకునేది?" అన్నాడు, దగ్గు తగ్గాక.

"నేనే. మీకు సైకిలే సరిగా రాదు కదా."

అది నిజమే కాబట్టి చలపతి అల్లప్పచ్చడి వైపు చూపు తిప్పుకున్నాడు.

హైమవతి ఆరోగ్య కేంద్రంలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరయింది. పురిటి నొప్పులతో ఆటోల్లో, ట్రాక్టరు తొట్టెల్లో, ఒకసారైతే ఐసుబండి మీద, గుంత గుంతకీ ఎగిరిపడుతూ వచ్చిన ఆడవాళ్లని చూసి చూసి ఆమె మనసులో ఒక మాట అనుకుంది. నా కూతుర్ని మాత్రం పురిటికి నేనే తెచ్చుకుంటాను, నా కారులో తెచ్చుకుంటాను, గుంత కనబడితే బ్రేకు తొక్కేది నా కాలే అయ్యుండాలి అనుకుంది. కూతురు ప్రసూనకి అప్పుడు మూడో నెల. అత్తవారి ఊరు గొర్రిపాలెం, టౌనుకి నలభై రెండు కిలోమీటర్లు. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం కాబట్టి ఏ సముద్రంలో ఉన్నాడో వాళ్లమ్మకే తెలియదు. ఏడో నెలలో పంపండి వదినగారూ అంటే, ఆ వదినగారు తొమ్మిదిలో పంపుతానని భీష్మించుకుంది. ఎనిమిదిలో ఎలాగూ కదపకూడదు. పంతులుగారు పంచాంగం తిరగేసి తొమ్మిదో నెలలో ఒకే ఒక్క మంచిరోజు పట్టుకున్నాడు. దశమి గురువారం. మర్నాటి నుంచీ మూఢం. ఆ గురువారం పొద్దున పదింటిదాకా వర్జ్యం, అది పోయాక బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి రాహుకాలం వచ్చేలోపు పిల్ల టౌనుకి చేరాలి, లేకపోతే లేదు.

"ఆరు నెలలుంది. ఈలోపు ఎలుగుబంటి కూడా నేర్చుకుంటుంది" అని హైమవతి వెళ్లి డ్రైవింగు స్కూల్లో చేరిపోయింది.

మాస్టారు మస్తాన్ బాషా. ముప్పై ఏళ్లు లారీ తోలి, నడుం పట్టేశాక స్కూలు పెట్టుకున్న మనిషి. నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు కుదురుగా కూర్చోరని ఆయనకి తగని కోపం. హైమవతిని చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది.

"నర్సమ్మగారూ, క్లచ్చి అంటే కాలు తీసెయ్యడం కాదమ్మా. కాలు తీస్తున్న సంగతి బండికి తెలవకుండా తియ్యాల" అనేవాడు.

తెలవకుండా తియ్యడానికి ఆమెకి నెలన్నర పట్టింది. మొదట్లో బండి ఠక్కున ఆగిపోయిన ప్రతిసారీ దిగి, జ్వరం చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేది. గేదె అడ్డొస్తే హారన్ కొట్టి, వెంటనే అద్దం దించి "ఏమనుకోకే తల్లీ" అనేది. రివర్సులో స్కూలు బోర్డుని రెండుసార్లు పడేసింది. మూడోసారి పడెయ్యకుండా ఆగినప్పుడు బాషా రోడ్డు మీదే చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రమే ఆమె వెళ్లి మీగడ రంగు చిన్న కారొకటి కొనేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తనకోసం కొనుక్కున్న పెద్ద వస్తువు అదే. ఇంటికొచ్చి గరాజు లేక అరుగు పక్కన నిలబెట్టి, పొద్దుపోయేదాకా దాని చుట్టూ ఏదో పని ఉన్నట్టు తిరిగింది.

మర్నాడు ఆంజనేయస్వామి గుడి దగ్గర బండిపూజ. పసుపు, కుంకుమ, బొట్లు, దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొత్త బండి వాటిని తొక్కి కదిలితే దిష్టి పోతుందని ఊళ్లో పసిపిల్లని అడిగినా చెబుతుంది. కాకపోతే సరిగ్గా అప్పుడే జిల్లా ప్రయాణ భద్రతాధికారి పరాంకుశంగారు ఆ గుడికి వచ్చారు. రాష్ట్రంలో ప్రమాదాలే లేని జిల్లాకి బంగారు కవచం, అదే బంగారు షీల్డు, ఇస్తారని పైనుంచి కాగితం వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి నిద్ర లేదు. స్వామికి తమలపాకుల పూజ చేయించుకుందామని వచ్చి, కారు కింద నిమ్మకాయలు చూసి ఆగిపోయారు.

పరాంకుశంగారు ఫైలులో ఎలా రాస్తారో నోటితోనూ అలాగే మాట్లాడతారు.

"ఈ ఫలములు ఏ ప్రయోజనార్థము ఉంచబడినవి?"

"ప్రమాదాలు జరక్కుండా సార్" అన్నాడు బాషా.

"ఫలములపై నిలిచియుండగా ఏ వాహనమునకైనను ప్రమాదము సంభవించిన దాఖలా గలదా?"

బాషా గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "నిమ్మకాయల మీద ఉండగానా? లేదు సార్. ఎట్లా జరుగుద్ది సార్, బండి ఇంకా బయల్దేరందే!"

అధికారిగారికి 'లేదు సార్' వరకే వినిపించింది. తమలపాకులు అక్కడే వదిలేసి ఆఫీసుకి వెళ్లిపోయారు.

వెళ్లి, పదేళ్ల ప్రమాద నివేదికలు దుమ్ము దులిపించారు. అందులో పన్నెండో గడి పేరు 'ప్రమాద సమయమున చక్రముల క్రింద గల పదార్థము'. ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో తెలియదు కానీ పదేళ్లుగా గుమాస్తాలు దాన్ని శ్రద్ధగా నింపుతూనే ఉన్నారు. తారు, కంకర, బురద, ఇసుక, ఒకచోట 'బావమరిది చెప్పు' అని కూడా ఉంది. నిమ్మకాయ అని మాత్రం ఒక్కచోట లేదు. పద్నాలుగు వందల ప్రమాదాలు, నిమ్మకాయ మీద సున్నా. పరాంకుశంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని అటెండరు తర్వాత అందరికీ చెప్పాడు.

మూడో రోజుకల్లా మొదటి ఉత్తర్వు వచ్చింది. 'జిల్లాలోని యావన్మంది చోదకులకు తెలియజేయునది ఏమనగా, ఇకపై ప్రతి వాహనము బయలుదేరుటకు ముందు చక్రమునకొక నిమ్మకాయ చొప్పున ఉంచవలెను.' జనం నవ్వుకున్నారు. నిమ్మకాయే కదా, పోనీలే అనుకున్నారు. లారీవాళ్లకి పద్నాలుగు కాయలు పెట్టాల్సి వచ్చి కాస్త గొణిగారు కానీ వాళ్లూ పెట్టారు.

వారం తిరక్కుండా బస్టాండు దగ్గర రెండు ఆటోలు గుద్దుకున్నాయి. రెండూ నిమ్మకాయలు తొక్కి బయల్దేరినవే. అధికారిగారు అత్యవసర సమావేశం పెట్టారు. పరీక్ష కోసం ఆ నిమ్మకాయల తొక్కలు పళ్లెంలో పెట్టి బల్ల మీద ఉంచారు.

"లోపము ఎచ్చట గలదో గ్రహించితిని" అన్నారాయన, చాలాసేపు తొక్కల వైపు చూశాక. "ఇవి నలిగినవి. నలిగిన నిమ్మకాయ నిమ్మకాయ కాదు. అది నిమ్మరసము. నిమ్మరసమునకు రక్షణ శక్తి గలదని మన శాఖ ఎన్నడును చెప్పియుండలేదు."

అందరూ రాసుకున్నారు. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు చెయ్యెత్తాడు. "సార్, నలక్కుండా ఉండాలంటే బండి కదలకూడదు కదా సార్?"

"కదలవలెనని నియమావళిలో ఎచ్చట గలదు?"

గుమాస్తా నియమావళి మూడుసార్లు చదివాడు. నిజంగానే ఎక్కడా లేదు.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, అక్కణ్ణుంచి ఉత్తర్వుల మీద ఉత్తర్వులు. లైసెన్సు గల ప్రతి చోదకుడూ తన వాహనం చక్రాలకి ముందొకటి, వెనకొకటి నిమ్మకాయ ఆనించి ఉంచాలి. ప్రతి సోమవారం నిమ్మ తనిఖీ దళం వచ్చి బొటనవేలితో నొక్కి చూస్తుంది. కాయ నలిగితే జరిమానా, కాయ కనబడకపోతే లైసెన్సు రద్దు. సోడాబండ్ల మీద నిమ్మకాయ కోస్తే భద్రతా సామగ్రి ధ్వంసం చేసిన నేరం. పెళ్లిళ్లలో చింతపండు పులిహోర తప్ప ఇంకోటి పెట్టడానికి లేదు. బస్సులు డిపోలో ఆగిపోయాయి. అలవాటు ప్రాణం ఊరుకోక జనం పొద్దున్నే వెళ్లి ఎక్కి కూర్చునేవాళ్లు, కండక్టరు టిక్కెట్లు కొట్టేవాడు, సాయంత్రం అక్కడే దిగేవాళ్లు. కూర్చోడానికి సీటు దొరికిందన్న సంబరంలో ఎవరూ గొడవ చెయ్యలేదు. అంబులెన్సు కూడా నిమ్మకాయల మీదే ఉంది. ఫోను చేస్తే "బండి సిద్ధంగా ఉందమ్మా, పేషెంటుని తీసుకొచ్చి ఎక్కించండి" అనేవాళ్లు.

నెల తిరిగేసరికి జిల్లాలో ప్రమాదాలు సున్నా. బస్టాండు దగ్గర ఒక పెద్దమనిషి నిమ్మతొక్క మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు కానీ, ఆయన పాదచారి కాబట్టి లెక్కలోకి రాలేదు. పైనుంచి పరాంకుశంగారికి అభినందనలు వచ్చాయి. పక్క జిల్లావాళ్లు నిమ్మకాయల కొలతలు అడుగుతూ ఉత్తరం రాశారు.

ఇదంతా చూస్తూ హైమవతి కేలెండరులో రోజులు లెక్కపెట్టుకుంటోంది. అక్కడ ప్రసూనకి ఎనిమిదో నెల నడుస్తోంది. పిల్ల రోజూ ఫోనులో "అమ్మా, వస్తావు కదా?" అనడం, ఈమె "వస్తానే, రాక చస్తానా" అనడం. ఎలా వస్తుందో మాత్రం తెలియదు. నడిపించి తీసుకురాలేదు, ఎత్తుకు తీసుకురాలేదు. చలపతి ఒకరోజు ఉండబట్టలేక, "నీ బండిపూజ వల్లే వచ్చింది ఇదంతా" అన్నాడు. ఆ పూట ఆయనకి చారులో పోపు పడలేదు.

చివరికి ఆమె తెగించి అధికారిగారి ఆఫీసుకి నడిచి వెళ్లింది.

"అయ్యా, మా అమ్మాయిని పురిటికి తెచ్చుకోవాలి. ఒక్క పూట నిమ్మకాయలు తీసి బండి కదుపుకుంటాను. అనుమతివ్వండి" అని చేతులు జోడించింది.

"లైసెన్సు సంఖ్య చెప్పుడు."

"లైసెన్సు ఇంకా రాలేదండి. ఎల్లెల్లారే ఉంది. నేర్చుకుంటున్నాను."

పరాంకుశంగారు ఉత్తర్వు తీసి వేలితో వెతుక్కుంటూ చదివారు. "చోదకులు అను పదమునకు లైసెన్సు గలవారని అర్థము. మీరు చోదకులు కారు, శిక్షణార్థి. శిక్షణార్థి చేయునది నడుపుట కాదు, నేర్చుకొనుట. మీకు నిమ్మకాయలు వర్తింపవు."

హైమవతి జోడించిన చేతులు దించేసింది. "అంటే, నడపడం వచ్చినవాళ్లు నడపకూడదు, రానివాళ్లు నడపొచ్చు. అంతేనాండీ?"

"శాఖాపరముగా అట్లు చెప్పుట సముచితము కాదు" అన్నారాయన. "కానీ అంతే."

ఆమె మొహం మతాబులా వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు లేదు. ఆయన ఆమె ఎల్లెల్లార్ కాగితం తిప్పి చూసి, "దీని గడువు దశమి గురువారముతో ముగియుచున్నది. ఆ దినమున పరీక్షకు హాజరు కావలెను. రానిచో రద్దు. ఉత్తీర్ణులైనచో లైసెన్సు ఆ క్షణముననే ఇవ్వబడును, నిమ్మకాయలు ఆ క్షణముననే వర్తించును. తప్పినచో మరి ఆరు మాసములు శిక్షణార్థిగా కొనసాగవచ్చును" అన్నారు.

హైమవతి తిన్నగా బాషా దగ్గరికి వెళ్లింది. ఆయన తన కారు ముందు పీట వేసుకుని నిమ్మకాయలకి ఎండ తగలకుండా గోనెపట్టా కడుతున్నాడు. ముప్పై ఏళ్ల లైసెన్సు ఉన్న మనిషి, అడుగు కదల్లేక కూర్చున్నాడు.

"మాస్టారూ, నాకు ఫెయిలవ్వడం నేర్పండి" అంది.

బాషా పట్టా వదిలేశాడు. "యా అల్లా! నాలుగు వేలమందిని పాస్ చేయించిన స్కూలమ్మా ఇది. మా పరువేం గాను?"

ఆమె విషయమంతా చెప్పింది. బాషా విని, నవ్వాలా ఏడవాలా తెలియక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు పరీక్ష ఏం లేదమ్మా. ఎక్కి ఎనిమిది నిమిషాలు కదలకుండా కూర్చోవడమే. మొన్న మా దగ్గర నేర్చుకున్న ఒకాయన మధ్యలో నిద్రపోయాడు. జిల్లా ఫస్టు ఇచ్చారు."

"అయితే కదిలితే చాలుగా?"

"మీరు కదిలితే కాయలు నలుగుతయ్. ఫెయిలే. కానీ నర్సమ్మగారూ, క్లచ్చి మాత్రం నెమ్మదిగా తియ్యండమ్మా. ఫెయిలైనా మర్యాదగా ఫెయిలవ్వాల."

దశమి గురువారం రానే వచ్చింది. పరీక్ష తొమ్మిదింటికన్నారు. హైమవతి ఎనిమిదిన్నరకే కారు తెచ్చి ఆఫీసు ఆవరణలో పెట్టింది. దళంవాళ్లు వచ్చి ఎనిమిది నిమ్మకాయలు ఆనించారు. ఫెయిలై, తొమ్మిదిన్నరకి బయల్దేరి, పదకొండుకి పిల్లని ఎక్కించుకుని తిరిగొచ్చెయ్యాలని ఆమె ఏర్పాటు. పది దాటింది, పదిన్నర దాటింది, అధికారిగారు రాలేదు. బంగారు కవచం ఏ గోడకి తగిలించాలో చూస్తున్నారట. ఆమె గడియారం చూసుకోవడం, పైటచెంగుతో మెడ తుడుచుకోవడం. పది నలభైకి ఆయన వచ్చి, ఆమె పక్క సీట్లో కూర్చుని, జేబులోంచి స్టాపు వాచీ తీశారు.

"పరీక్ష ప్రారంభమైనది. నిశ్చలముగా ఉండవలెను."

హైమవతి తాళం తిప్పింది. క్లచ్చి తొక్కి, గేరు వేసి, బండికి తెలవకుండా కాలు తీసింది. నాలుగు నిమ్మకాయలు చిటచిటమన్నాయి. ఆవరణంతా కమ్మటి వాసన వచ్చింది.

"అమ్మా! కదిలితిరి! మీరు తప్పితిరి!"

"సంతోషమండి. బెల్టు పెట్టుకోండి" అంది హైమవతి, గేటు దాటిస్తూ.

"ఇదేమి? ఎచ్చటికి? ఆపుడు!"

"ఆపుతానండి, గొర్రిపాలెంలో. మీరు తొమ్మిదింటికి వచ్చుంటే ఈ తిప్పలు మీకు లేకపోయేవి. ఇప్పుడు ఆపి, మీతో సంతకాలు పెట్టించుకుంటూ కూర్చుంటే నాకు రాహుకాలం వచ్చేస్తుంది."

"నేను దూకెదను!"

"కదిలే బండిలోంచి దూకితే ప్రమాదమండి. బండ్లన్నీ ఆగాక మీ జిల్లాలో మొదటిది మీదే అవుతుంది."

తలుపు పిడి మీద పడ్డ చెయ్యి మెల్లిగా వెనక్కి వచ్చింది. కాస్సేపటికి బెల్టు క్లిక్కుమన్న చప్పుడు వినబడింది.

రోడ్డు మీద నరసంచారం తప్ప వాహనసంచారం లేదు. జనం తారు మీద మిరపకాయలు ఎండబెట్టుకున్నారు. ఒకచోట పెళ్లి భోజనాలు రోడ్డుకి అడ్డంగా వేశారు. కారు హారన్ విని పెళ్లివారు విస్తళ్లతో సహా లేచి దారిచ్చారు, ఒక ముసలాయన దణ్ణం కూడా పెట్టాడు. గుంత వస్తే హైమవతి గుంత చుట్టూ తిప్పేది. మలుపు వస్తే పరాంకుశంగారు కళ్లు మూసుకునేవారు. తన జిల్లా రోడ్డు మీద తను ఇంత దూరం రావడం అదే మొదటిసారని ఆయన వాలకమే చెబుతోంది.

గొర్రిపాలెంలో వియ్యపురాలు హారతి పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వే తోలుకొచ్చావా వదినా!" అని ముక్కున వేలేసుకుంది. తర్వాత పక్క సీట్లోంచి దిగిన పెద్దమనిషిని ఎగాదిగా చూసి, "డ్రైవరుగారికి అరుగు మీద మజ్జిగ ఇవ్వండే" అని లోపలికి కేకేసింది. జిల్లా ప్రయాణ భద్రతాధికారి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. దాహం మీదున్నారేమో, ఇంకో గ్లాసు కూడా అడిగారు.

ప్రసూన నిండుకుండలా మెల్లిగా నడిచి వచ్చి వెనక సీట్లో కూర్చుంది. అమ్మ కొన్న కారు సీటు తడిమి, ముందుకి వంగి ఆమె భుజం మీద చెంప ఆనించింది. హైమవతి ఆ చెంప నిమిరింది. "బెల్టు పొట్ట కిందనించి పెట్టుకోవే" అని మాత్రం అనగలిగింది. పన్నెండింటికి బండి తిరుగుముఖం పట్టింది.

పాతిక కిలోమీటర్లు బాగానే వచ్చారు. మిరపకాయలు దాటాక ప్రసూన సీటు అంచు గట్టిగా పట్టుకుంది. అద్దంలో ఆ చేతిని చూసిన ముప్పై నాలుగేళ్ల నర్సుకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఎప్పట్నించే?"

"పొద్దుట్నించీ కొంచెం కొంచెం. ఇప్పుడు ఎక్కువైందమ్మా. చెబితే అత్తయ్య పంపదని..."

"సరే, భయపడకు." హైమవతి బండి పక్కకి తీసి ఆపింది. "సార్, మీరు ఇటొచ్చి స్టీరింగు పట్టుకోండి. నేను వెనక కూర్చుని దాన్ని చూసుకుంటాను. పదిహేడు కిలోమీటర్లే, రోడ్డు ఖాళీ."

పరాంకుశంగారు బెల్టు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"సార్! మిమ్మల్నే!"

"నాకు రాదమ్మా" అన్నారాయన. ఫైలు భాష ఎటుపోయిందో పోయింది. "ఎప్పుడూ నేర్చుకోలేదు. చిన్నప్పట్నించీ భయం."

"మరి లైసెన్సు?"

"నాకు నేనే ఇచ్చుకున్నాను."

తిట్టడానికి కూడా టైము లేదు. "అయితే వెనక్కి వెళ్లండి. దాని నడుం వెనకాల సీట్లో ఉన్న దిండు పెట్టి, చెయ్యి పట్టుకోండి. నొప్పి వచ్చినప్పుడల్లా ఊపిరి తీయించండి, నెమ్మదిగా వదిలించండి. నేను నడుపుతాను" అంది.

బండి కదిలింది. వెనకనించి పరాంకుశంగారి గొంతు వినబడింది. "శ్వాసను లోనికి గైకొనుము..."

"తెలుగులో చెప్పండి సార్!" అని అరిచింది ప్రసూన.

"ఊపిరి పీల్చుకో తల్లీ! పీల్చు, పీల్చు... ఇప్పుడు వదిలెయ్! శభాష్!"

హైమవతి ఆ పదిహేడు కిలోమీటర్లూ ఎలా వచ్చిందో తర్వాత ఎవరికీ సరిగా చెప్పలేకపోయింది. ఒక్క గుంతలో కూడా పడలేదన్నది మాత్రం గుర్తుంది. కాళ్ల కింద పెడల్స్ చెప్పిన మాట విన్నాయి. టౌను మొదట్లో నిమ్మ తనిఖీ దళం వెదురుబొంగు అడ్డం పెట్టి నిలబడింది. కారు కదులుతూ రావడం చూసి వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

"నిమ్మకాయలేవి?" అన్నాడు ఒకడు తేరుకుని.

వెనక అద్దం దిగింది. చెదిరిన జుట్టుతో, ఒక చెయ్యి ప్రసూన గుప్పిట్లో నలుగుతుండగా, పరాంకుశంగారి తల బయటికి వచ్చింది. "నీ నిమ్మకాయలు తగలెయ్య! బొంగు తియ్యవయ్యా ముందు!"

ఒంటిగంటకి అయిదు నిమిషాలుందనగా బండి ఆస్పత్రి గుమ్మంలో ఆగింది. ఒంటిగంటా ఇరవైకి లోపలనించి కేర్ మన్న ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. హైమవతి గోడకి ఆనుకుని, ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల బిడ్డలకి పోసిన ధైర్యమంతా తనకి ఒక్క చుక్క మిగల్లేదన్నట్టు వెక్కి వెక్కి ఏడ్చింది.

బయట బెంచీ మీద పరాంకుశంగారు పరీక్ష ఫారం మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. ఆమెని చూసి లేచి నిలబడ్డారు. అలా లేవడం ఆయన సర్వీసులో అరుదు.

"అమ్మా, నా ముప్పై ఏళ్లలో ఇంత బాగా నడిపిన మనిషిని చూడలేదు. మీకు అన్యాయం చెయ్యలేను. మిమ్మల్ని పాస్ చేస్తున్నాను."

హైమవతి ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండీ! అంత పని చెయ్యకండి!"

"లేదమ్మా. ఇన్నాళ్లూ కూర్చున్నవాళ్లకి ఇచ్చాను. నడిపినవాళ్లకి ఒక్కరికైనా ఇవ్వాలని నా అంతరాత్మ..."

"మీ అంతరాత్మ ఇన్నాళ్లూ ఆగింది, ఇంకో ఆరు నెలలు ఆగమనండి! మీరు పాసని రాసిన మరుక్షణం నా బండికి నిమ్మకాయలు పెడతారు. మూడో రోజున బాలింతనీ పసిగుడ్డునీ ఇంటికి ఎలా తీసుకెళ్లను? టీకాలకి ఎలా తీసుకురాను? అదుగో, ఆ వార్డులో ఇంకా నలుగురు ఆడవాళ్లున్నారు, వాళ్లని ఎవరు దింపుతారు? ఈ జిల్లా మొత్తానికి కదిలే బండి ఇదొక్కటే. దానికి లైసెన్సిచ్చి చంపకండి మహానుభావా!"

"పోనీ, ఉత్తర్వు రద్దు చేస్తే?" అన్నారాయన, తనలో తను అనుకున్నట్టు. వెంటనే బంగారు కవచం గుర్తొచ్చి కాబోలు, నీరుగారిపోయారు. "ప్రదానోత్సవం పై నెల అమ్మా. అప్పటిదాకా నా చేతుల్లో లేదు."

"అయితే నన్ను ఫెయిల్ చెయ్యండి. నిమ్మకాయలు నలిపాను. మీ కళ్లతో చూశారు. రాయండి."

ఆయన కలం మూత తీశారు. లోపల పసిపిల్ల మళ్లీ ఏడ్చింది. ఆయన అటు చూశారు, ఫారం వైపు చూశారు, నిట్టూర్చి రాయడం మొదలుపెట్టారు. 'అభ్యర్థిని వాహనమును ఎనభై నాలుగు కిలోమీటర్లు అత్యంత నైపుణ్యముతో నడిపినట్లు నేను స్వయముగా కూర్చుండి ధ్రువీకరించితిని. ఒక్క గుంతయందును వాహనము పడలేదు. ఒక తల్లియు, ఒక శిశువును సకాలమున ఆస్పత్రికి చేరిరి. కావున అభ్యర్థిని పరీక్షయందు తప్పినది.' కింద సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర.

"ఇంత గొప్పగా ఎవర్నీ ఫెయిల్ చెయ్యలేదమ్మా" అంటూ కాగితం ఆమె చేతిలో పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"మీ మేలు ఈ జన్మకి మర్చిపోను" అని హైమవతి రెండు చేతులా కాగితం కళ్లకద్దుకుంది.

అప్పటికి చలపతి లడ్డూల పొట్లంతో రొప్పుకుంటూ వచ్చాడు. హైమవతి పొట్లం లాక్కుని వార్డు వైపు పరుగెత్తింది. ఆస్పత్రి ఆయమ్మ ఎదురొచ్చి, "ఏంటమ్మా, మనవరాలు పుట్టిందంటగా?" అంది.

"పుట్టిందే! నేను ఫెయిల్ కూడా అయ్యాను. ఇదిగో, రెండు తీసుకో!"